రెండు మూరలు ఎడమకు

గోడ మీద కోతి కూర్చుని, ఈరక్క ఎండబెట్టిన జొన్నకంకులను తీరిగ్గా ఒలుచుకు తింటోంది. కంబన్న గురిపెట్టింది ఆ కోతికే. మట్టి ఉండ మాత్రం కోతికి రెండు మూరలు ఎడమగా పోయి, వీధి పొడుగునా సాచి ఉన్న ఎదురింటి వెంకటప్ప పడుగులో పడింది. పటపటమని పోగులు తెగాయి. కోతి ఇంకో కంకి అందుకుంది.

"ఏమప్పా!"

పడుగుకు అవతలి పక్క ఒక పిల్ల నిలబడి ఉంది. చేతిలో గంజి కుంచె, చెంప మీద ఎండిన గంజి చుక్క.

"కన్ను గీటేది నన్ను చూసి, దెబ్బ కొట్టేది మా పడుగునా? పొద్దున్నే రెండు పనులు పెట్టుకున్నట్టుండావే!"

"నేను కన్ను గీటలా," అన్నాడు కంబన్న కంగారుగా. "గురి పెట్టినా. కోతికి."

"అయితే కోతికి కన్ను గీటినావా?"

గంజి పట్టిస్తున్న వాళ్ళంతా కుంచెలు ఆపి నవ్వారు. కంబన్నకు చెవులు వేడెక్కాయి. ఊరికి వచ్చి పది రోజులే అయింది. పదకొండో రోజుకే వీధి మొత్తానికి తెలిసిపోయాడు.

అది వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్పై ఎనిమిది. యుద్ధం ఇంకా రాలేదు, నూలుకు కరువు రాలేదు. మైదుకూరు నేతవీధిలో తెల్లవారితే మగ్గాల చప్పుడు తప్ప ఇంకోటి వినపడేది కాదు. అటు కోసిగిలో మాత్రం వానలు తప్పి, చీరలు కొనేవాళ్ళు లేక మగ్గాలు మూలపడ్డాయి. కంబన్న ఒక గుడ్డల మూట భుజాన వేసుకుని మైదుకూరులో ఉన్న మేనత్త ఈరక్క ఇంటికి చేరాడు.

నిజం చెప్పాలంటే అతడు గురి తెలియనివాడేమీ కాదు. కోసిగి చేలల్లో మంచె ఎక్కి వడిసెల తిప్పితే రాయి పోయి పిట్ట కూర్చున్న కంకినే ఊపేది. కానీ ఇరుకు వీధిలో వడిసెల తిప్పితే నలుగురి తలలు పగులుతాయి. అందుకని ఈరక్క ఇంట్లో గోడకు తగిలించి ఉన్న ఉండేలు తీశాడు. వెదురు విల్లు, దానికి జంట తాళ్ళు, తాళ్ళ నడుమ చిన్న పట్టీ. ఆ పట్టీలో ఎండిన మట్టి ఉండ పెట్టి, చెంప దాకా లాగి వదలాలి. మైదుకూరు నేతవీధిలో అది లేని ఇల్లు లేదు.

వెంకటప్ప బయటికి వచ్చి తెగిన పోగులు లెక్కపెట్టాడు. పదిహేడు.

"తెంపినోడే అతకల్ల," అన్నాడు. "అబ్బీ, నీకు ముడేయడం వస్తాదా?"

"మాది మగ్గం ఇల్లే మామా."

"అయితే కూర్చో. గంగా, ఈ పిల్లోని పక్కన ఉండి చూడు."

పక్కన ఉండి చూడమన్నాడు గానీ, గంగాదేవి ఎదురుగా కూర్చుంది. నడుమ తెల్లటి పడుగు. అతడు ఒక్కో పోగు వెతికి పట్టుకుని ముడి వేస్తుంటే, ఆమె ప్రతి ముడి మీదా బొటనవేలు రాసి చూసింది. పది ముడులు అలా అయ్యాయి.

"ముడి తగలడం లేదు చేతికి," అంది చివరికి. "చేయి మంచిదే నీది. కన్నే మంచిది కాదు."

"సుమ్నే అనొద్దు."

"సుమ్నే అంటే?"

"ఊరికే అని. మా కల్ల, కోసిగి పక్క, అట్లనే అంటారు."

"ఊరికే అంటే సరిపోయేదానికి ఇంకో మాట కనిపెట్టినారా మీ కోసిగోళ్ళు? పనిలేక కూర్చున్నారని విన్నా గానీ ఇంతనుకోలా."

కంబన్న పదకొండో ముడి తప్పు వేశాడు. ఆమె విప్పి మళ్ళీ వేయమంది.

ఆ ముడులు చూసే వెంకటప్ప తన ఇంట్లో ఊరికే ఉన్న రెండో మగ్గం మీద కంబన్నను కూర్చోబెట్టాడు. ఒక మగ్గం మీద తండ్రి, ఇంకో మగ్గం మీద కంబన్న, నడుమ బొంగుల మీద నూలు కండెలు చుడుతూ గంగ, గుమ్మంలో రాట్నం పెట్టుకుని అవ్వ గిడ్డమ్మ. ప్రేమకథకు వాన కావాలంటే ఆ సీమలో ఆశ్వయుజం దాకా ఆగాలి. వీళ్ళకు అంత ఓపిక లేకపోయింది. పడుగు నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోయినప్పుడల్లా అతడు చేయి చాచేవాడు, ఆమె కండె పెట్టేది, అంతే. కానీ కంబన్న కండెలు ఎందుకంత త్వరగా అయిపోతున్నాయో అని వెంకటప్ప ఒకసారి ఆశ్చర్యపోయాడు. పిల్లవాడు పనిమంతుడని మురిసిపోయాడు కూడా.

"నీకు పొద్దుకు ఎన్ని కండెలు కావల్ల?" అని గంగ విసుక్కునేది.

"నువ్వు ఎన్ని చుడితే అన్ని."

"నా వేళ్ళు అరిగిపోతాయి."

"అయితే నెమ్మదిగా నేస్తా."

"వద్దులే," అనేది ఆమె, తల దించుకుని రాట్నం తిప్పుతూ. "ఇట్లనే నెయ్యి."

చాలా ఏళ్ళ తర్వాత కూడా, ఎక్కడ మగ్గం చప్పుడు విన్నా కంబన్నకు ఆ "వద్దులే" ముందు వినపడేది. ఆ తర్వాతే మగ్గం వినపడేది.

ఈరక్కకు కళ్ళున్నాయి. మేనల్లుడు అన్నం ముందు కూర్చుని ముద్ద కలపడం మరిచిపోతుంటే కారణం ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. గోత్రాలు వేరని రూఢి చేసుకుని, తాంబూలం పళ్ళెంతో ఎదురింటికి పోయింది.

వెంకటప్ప చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"పిల్లోడు మంచోడే ఈరక్కా. నాకేం అడ్డం లేదు. కానీ ప్రొద్దుటూరు నుంచి ఒక సంబంధం వచ్చిండాది. ఉగాది దాటినాక మాట చెప్తానంటిని. ఉగాది నాడు మీవోడు ముంత కొట్టల్ల. కొట్టినాడా, పిల్ల మీది. తప్పినాడా, ప్రొద్దుటూరోళ్ళకు సరే అంటా. నన్నేమీ అనుకోవద్దు. అది వీధి కట్టుబాటు."

ఆ కట్టుబాటు పాతది. తాతల కాలంలో నేసిన చీరల మూటలు బండ్లకెత్తి కనుమ దాటించి సంతకు తీసుకుపోయేవాళ్ళు. దారిలో దొంగలు కాపు కాసేవాళ్ళు. ఉండేలు పట్టి తరమలేనివాడు బండి కాపాడలేడు, బండి కాపాడలేనివాడు ఇల్లేం నిలుపుతాడని పిల్లనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు దొంగలు లేరు, కనుమ దారిన మోటారు బస్సు తిరుగుతోంది. ముంత మాత్రం మిగిలింది. పసుపు నీళ్ళు నింపిన మట్టి ముంతను పిల్ల తన చేత్తో కట్టాలి. పిల్లవాడు పది గజాల దూరం నుంచి మూడు ఉండలు కొట్టాలి. మూడింటిలో ఒకటి తగిలితే తాంబూలాలు. ఆ వీధి పిల్లలకు అదొక లెక్కే కాదు. తప్పినవాడెవరని అడిగితే డెబ్బై ఏళ్ళ కిందటి ఒక పేరు చెప్పేవాళ్ళు, అదీ నవ్వుతూ.

డెబ్బై ఏళ్ళకు రెండో పేరు తనదే అవుతుందని కంబన్నకు ఆ రోజే తెలిసిపోయింది.

ఊరి బయట ఎండిన వంకలో తుమ్మకొమ్మకు పాత ముంత కట్టి, పది గజాలు కొలిచి, నలభై ఉండలు కొట్టాడు. ఒక్కటీ తగల్లేదు. నలభైయ్యీ ఎడమకే పోయాయి. మర్నాడు ఇంకో నలభై. అవీ ఎడమకే. చేయి వణుకుతోందని ఒకరన్నారు. తాడు వదులన్నారు ఇంకొకరు. ఈరక్క దిష్టి తీసింది. ఉండ మాత్రం ముంతను దాటుకుని తన దారిన తాను పోయేది.

నాలుగో రోజు కంపకట్టెల కోసమని గంగ వంకలోకి వచ్చింది. వెంట గిడ్డమ్మవ్వ ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనడానికి లేదు. అవ్వ తుమ్మచెట్టు నీడన కూర్చుని కాళ్ళు చాపుకుంది. గంగ కట్టెల మాట మరిచి, ఉండలు పడిన చోటు చూసింది. వంక గట్టు మీద అన్నీ ఒక్క చోటే గుంట చేశాయి. చెంబు మూతంత గుంట.

"తప్పు కొట్టడంలో ఇంత నికరంగా కొట్టేటోన్ని నేను యాడా చూడలా," అంది.

"నవ్వు. నవ్వుకో. ఉగాదికి ప్రొద్దుటూరు పోతావు కదా."

ఆ మాటకు ఆమె నవ్వు పోయింది. ఒడిలోంచి ఖాళీ కండె బొంగు ఒకటి తీసి అతని చేతికిచ్చింది.

"రెండు కండ్లూ తెరుచుకో. ఈ బొంగులోంచి ఆ ముంతను చూడు."

అతడు కుడిచేత్తో బొంగు ఎత్తాడు. బొంగు కుడి కన్ను దాటి, ముక్కు దాటి, ఎడమ కంటి దగ్గర ఆగింది.

"మళ్ళా."

మళ్ళీ ఎడమ కంటికే.

"నువ్వు కుడిచేతి వాటమోనివి. దగ్గరుండే కన్ను వదిలిపెట్టి ఆ కంటికెందుకు పోయినావు?"

"ఏమో. అట్లయితేనే చూసినట్టుంటాది."

"అనుకున్నా. మగ్గం కాడ నాడెలో దారం ఎక్కించేటప్పుడు కూడా నాడెను ఎడమ కంటికే ఎత్తుకుంటావు. మొదటి పొద్దు నుంచీ చూస్తాండా."

"మొదటి పొద్దు నుంచీ చూస్తాండావా?"

"దారాన్ని," అంది గంగ. తుమ్మచెట్టు కింద అవ్వ దగ్గింది.

మర్నాడు గంగ ఆ బొంగు పట్టుకుని వీధంతా తిరిగింది. ప్రతివాళ్ళ చేతా చూపించింది. పిల్లకు మతిపోయిందనుకున్నారు కొందరు. సాయంత్రానికి ఆమె దగ్గర లెక్క తేలింది. వెంకటప్పది కుడి కన్ను, అవ్వది కుడి. ఉండేలులో పేరు మోసినవాళ్ళందరిదీ కుడే. ఎడమ కంటివాళ్ళు వీధి మొత్తం మీద కొద్దిమందే. అందులో ఈరక్క ఒకతె.

"మీ వంశంలోనే ఉండాది," అంది గంగ వంకలో ఇసుక చదును చేస్తూ. "చేతుల్లో ఒకటి పెత్తనం చేస్తాది కదా, కండ్లల్లో కూడా అంతే. నీకు చేతుల్లో కుడిది పెద్ద, కండ్లల్లో ఎడమది పెద్ద. ఇట్ల చూడు."

ఇసుక మీద రెండు పోగులు పరిచింది. ఒకటి ఎడమ కంటి నుంచి బయల్దేరే చూపు, ఇంకోటి కుడి చెంప నుంచి బయల్దేరే ఉండ. విల్లు పట్టిన పిడికిలి ఉండే చోట రెండు పోగులూ ఒకదాన్నొకటి దాటాయి. అక్కడి నుంచి పోయేకొద్దీ నడుమ ఎడం పెరిగింది. చూపు పోగు ముంత దగ్గరికి చేరేసరికి ఉండ పోగు ఎడమగా ఎక్కడో ఉంది.

కంబన్న చాలాసేపు ఆ పోగుల వంకే చూశాడు. నెల రోజులుగా తనను తాను చేతకానివాడనుకుంటున్నాడు.

"అయితే నా చేతిలో తప్పు లేదు," అన్నాడు మెల్లగా.

"నీలో తప్పే లేదు," అంది గంగ. అని, తాను ఎంత మాట అన్నదో తెలిసి లేచి ఇసుక దులుపుకుంది.

"ఎడమ కన్ను మూసుకుని కొడితే సరిపాయె," అన్నాడు అతడు. మూశాడు. ఎడమ కన్నుతో పాటు కుడిదీ మూసుకుంది. ముఖం అష్టవంకరలు తిప్పినా ఒక్కటే మూసుకోదు. కుడి కన్ను ఒక్కటీ అయితే టపీమని మూసుకుంటుంది.

"ఓహో," అంది గంగ. "ఆ పొద్దు నువ్వు నిజంగానే కోతికి గురిపెట్టినావు!"

"నెల నుంచీ అదే చెప్తాండా!"

"నేనేమో నిజమే అనుకుని..." అని ఆమె సగంలో ఆపేసింది. మిగతా సగం కంబన్న ఎంత బతిమాలినా చెప్పలేదు.

మిగిలిన దారులన్నీ గిడ్డమ్మవ్వ కూర్చున్న చోటు నుంచే మూసేసింది. విల్లు చేతులు మార్చి పట్టుకుందామంటే, "శుభమా అని ఎడమ చేత్తో తాడు లాగుతాడా? మీ నాయన ఊరుకుంటాడా?" అంది. కంటికి గుడ్డ కట్టుకుంటే? "ఒంటికన్ను పెండ్లికొడుకా? థూ!" పోనీ ఉన్న సంగతి నాన్నకు చెబుదామా అని గంగ అడిగింది.

"చెప్పి చూడు. ఎడమ కన్ను అదిరితే ఆడదానికి మంచిది. మగోనికి ఎడమ కన్నే పెద్దదంటే ఏమంటారు? పిల్లోనిలో లోపముండాదంటారు. నోర్మూసుకోండి ఇద్దరూ."

అలా మిగిలింది ఒకటే దారి. గంగ ముంతకు రెండు మూరలు కుడిగా ఒక పుల్ల గుచ్చింది. "ముంతను మరిచిపో. పుల్లను కొట్టు," అంది. కంబన్న పుల్లకు గురిపెట్టి వదిలాడు. ముంత పగిలింది. అవ్వ కూడా చప్పట్లు కొట్టింది. ఉగాది వచ్చేసరికి పదికి తొమ్మిది తగులుతున్నాయి.

ముంత ఎప్పుడూ వెంకటప్ప ఇంటి ముందే కడతారు. ఆ ముంతకు సరిగ్గా రెండు మూరల కుడిపక్కన అరుగు స్తంభం ఉంది. పుల్ల బదులు స్తంభం. ఎవరికీ అనుమానం రాదు. ఇద్దరూ ముందు రోజు దాన్ని కళ్ళతోనే కొలుచుకున్నారు.

ఉగాది పొద్దున వీధంతా పచ్చడి తిని చేతులు కడుక్కుని వచ్చి చేరింది. కొత్త పంచె కట్టుకుని కంబన్న వచ్చి చూస్తే అరుగు ముందు ముంత లేదు. వీధి చివర మైదానంలో గుంజ పాతి, దాని అడ్డకొయ్యకు కట్టారు.

"అరుగు కాడైతే ఎండ నీ కంట్లో పడతాది అల్... అబ్బీ," అన్నాడు వెంకటప్ప. అల్లుడా అనబోయి ఆపుకున్నాడు పాపం. "నీకు సులువుగా ఉంటాదని నేనే మార్పిచ్చినా."

కంబన్న ఆయన మంచితనానికి ఏడవలేక నవ్వాడు. ముంత వెనక స్తంభం లేదు, చెట్టు లేదు, గోడ లేదు. ఆకాశం ఉంది. ఆకాశంలో రెండు మూరలు ఎక్కడని కొలుస్తాడు?

గంగ ముంత కట్టి ఆడవాళ్ళలోకి పోయి నిలబడింది. ముంత ఆమె తల ఎత్తున వేలాడుతోంది. ఆమె ముఖం పాలిపోవడం కంబన్నకు పది గజాల దూరం నుంచీ తెలిసింది.

మొదటి ఉండ పెట్టాడు. ముంతకు కుడిగా ఉత్త గాలిలోకి చూశాడు. చూపు నిలవలేదు. ముంత దానంతట అదే చూపును లాక్కుంది. వదిలాడు. ఉండ మూర ఎడమగా పోయింది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ప్రొద్దుటూరు సంబంధం తెచ్చిన పెద్దమనిషి పైపంచె సర్దుకున్నాడు.

అప్పుడు గంగ ఆడవాళ్ళలోంచి బయటికి వచ్చింది. తిన్నగా నడిచి పోయి, ముంతకు రెండు మూరల దూరంలో, కంబన్నకు కుడిపక్కన పడేలా నిలబడింది.

"ఏమ్మే! పక్కకు రా!" అని వెంకటప్ప అరిచాడు.

"ముంత కట్టింది నేను నాయనా. కొట్టేదాకా నేనే కాచుకుంటా. ఈడనే ఉంటా."

"తగిలితే కన్ను పోతాది, రా ఇట్ల!"

"ఉండనీరా," అంది గిడ్డమ్మవ్వ గట్టిగా. "మా కాలంలో పిల్ల ముంత పక్కనే నిలబడేది. మీరే అన్నీ మార్చినారు."

ఆమె చెప్పింది పచ్చి అబద్ధం. కానీ ఆమె కాలం అక్కడ ఎవరికీ గుర్తు లేదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

కంబన్నకు విషయం అర్థమైంది. ముంత పగలాలంటే తాను గురిపెట్టవలసింది గంగ ముఖానికి.

రెండో ఉండ పెట్టి తాడు లాగాడు. ఆమె నుదుటి బొట్టు మీద చూపు నిలిచింది. వంకలో అది పుల్ల. ఇది గంగ. ఆ లెక్క ఈ రోజు ఒక్కసారి తప్పితే? ఈ ఒక్క ఉండ తిన్నగా పోతే? వేళ్ళు వదులుతుండగా చేయి దానంతట అదే ఎడమకు జరిగిపోయింది. ఉండ ముంతకు మూడు మూరలు ఎడమగా పోయి ఎక్కడో దుమ్ము రేపింది. జనం "అయ్యో" అన్నారు. ఎవడో నవ్వాడు కూడా.

ఇక ఒక్కటే ఉంది. కంబన్న విల్లు దించేశాడు. పోనీలే, ఆమె ప్రొద్దుటూరులోనైనా రెండు కళ్ళతో సుఖంగా ఉంటుంది అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

"కంబన్నా!"

పెళ్ళికాని పిల్ల అంతమందిలో పేరు పెట్టి పిలవడం ఆ వీధి అంతకుముందు వినలేదు.

"పక్కకెందుకు చూస్తావు? నా కల్ల చూడు."

ఆమె రెప్ప వేయడం లేదు. చేతులు రెండూ పక్కలకు వదిలేసి, పడుగు కొయ్యలా నిటారుగా నిలబడింది. ఆమె వేసిన లెక్క మీద ఆమెకు ఎంత నమ్మకమో, తన చేతి మీద ఆమెకు ఎంత నమ్మకమో కంబన్నకు ఆ క్షణంలో కనిపించింది. అతడు విల్లు ఎత్తాడు. తాడు కుడి చెంపకు తాకింది. ఆమె బొట్టు తప్ప మైదానం మొత్తం మీద ఇంకేమీ లేదు. వదిలాడు.

భళ్ళుమంది.

ముంత పెంకులు నేల మీద పడ్డాయి. పసుపు నీళ్ళు చిమ్మి గంగను తల మీది నుంచి పాదాల దాకా తడిపేశాయి. ఆమె అప్పుడు మూసుకుంది కళ్ళు. మూసుకునే నవ్వింది.

వెంకటప్ప బిరబిరా పోయి కూతురి భుజాలు పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూశాడు. దెబ్బ లేదు. చేతికంటిన పసుపు చూసుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాన్ని దాచుకోవడానికి పెద్దగా అరిచాడు.

"ఏం ఈరక్కా! పిల్లకు నలుగు పెట్టే పని కూడా మాకు లేకుండా చేసినాడే నా అల్లుడు! పళ్ళెం తే, తాంబూలం మార్చుకుందాం!"

ప్రొద్దుటూరు సంబంధం తెచ్చిన పెద్దమనిషే మొదట చప్పట్లు కొట్టాడు. ఆయన మంచివాడే.

ఆ సాయంత్రం పొద్దు గుంకుతుండగా గంగ అరుగు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. మూడు సార్లు తలంటుకున్నా పసుపు పోలేదు. కంబన్న స్తంభానికి అవతల, చూసేవాళ్ళు ఏమీ అనుకోని దూరంలో కూర్చున్నాడు.

"నీకు భయం కాలేదా?" అని అడిగాడు.

"శానా అయింది."

"ఉండ తగులుతాదనా?"

"కాదు." ఆమె జుట్టులో ఒక చిక్కు తీసింది. "రెండో తూరి నా కల్ల చూసి, మళ్ళా పక్కకు తిప్పుకున్నావే, అప్పుడు. నాకు దెబ్బ తగలకూడదని నన్నే వదులుకునేటట్టుండాడే ఈ మనిషి అని భయపడినా. నీ మంచితనం చూసి భయపడినా."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

తర్వాత యుద్ధం వచ్చింది. నూలు దొరక్క మైదుకూరు మగ్గాలు కూడా ఆగిపోయాయి. కంబన్న పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగాడు. ఎండలో నడిచే దారులు, ఆకలి పూటలు. ఈమెనెందుకు కష్టపెట్టడం, పుట్టింట్లో దించి పోదాం, సుఖంగా ఉంటుంది అని ఒకటికి పదిసార్లు అనిపించేది. అనిపించిన ప్రతిసారీ ఆ అరుగు మీద ఆమె అన్న మాట గుర్తొచ్చేది. అప్పుడిక మారు మాట్లాడకుండా మూట ఒక భుజానికెత్తుకుని, "లేయ్ గంగా, పోదాం," అనేవాడు. ఆమె ఎక్కడికని అడగకుండా లేచి వెంట నడిచేది.